అరికాలు

అలా తువ్వాళ్ళు మడతెడతా కూర్చుంటే ఎలాగండీ సత్యభామాంటీ? నన్నో రెండు తిట్టండి. చచ్చు వెధవా అనండి. పడతాను. ఆయ్.

కావాలని లేచానేంటండీ? మసాజ్ పరీక్షకని బల్ల మీద బోర్లా పడుకున్నానా, మొహం ఆ కన్నంలో పెట్టానా, కింద గచ్చు తప్పితే ఏం కనపడట్లేదా... నడుం దాకా బానే ఉంది. పిక్కలు కూడా ఓర్చుకున్నాను. మీ చెయ్యి అరికాలికి తగిలిందండీ. అంతే. ఒళ్ళు దానంతటదే లేచిపోయింది!

లేచినోణ్ణి ఊరుకున్నానా? తువ్వాలు చుట్టుకుని మీ కాళ్ళకి దణ్ణం పెట్టేశాను. పరీక్ష చేసే మేడం నోరెళ్ళబెట్టింది. మీరేదో నరం నొక్కేశారనుకుంది. "నో పెయిన్ మేడం, నో పెయిన్" అన్నాను. ఆ పైన ఇంగ్లీషు రాలేదు. పది తప్పినోడికి ఎక్కణ్ణించొస్తదండీ? మీ పేరు పక్కన ఇంటూ కొట్టేసింది.

పొద్దున నా వంతప్పుడు మీరు కదిలారా? లేదే! మీ కాళ్ళు పట్టుకోడానికి నాకేం అడ్డండీ, పుణ్యం కూడాను. హాయిగా పాసైపోయాను. మీ కాళ్ళు పట్టుకుని నేను గట్టెక్కి, మిమ్మల్ని ముంచేశాను. థూ, నా బతుకు!

తెలుసండీ, తెలుసు. ఈ సర్టిఫికెట్టొస్తే వెరిబీలో మసాజ్ క్లినిక్‌లో పనికి చేరతారు. రాకపోతే మళ్ళీ పాయింట్ కుక్‌లో అల్లుడుగారిల్లే. ఫ్రిజ్‌లో పెరుగు తీసుకోవాలన్నా ఆయన మొహం చూడాలి. బస్సులో మీరే చెప్పారు కదా.

నా బదులు ఇంకెవర్నన్నా పడుకోబెట్టమని సైగలు చేసి మేడంని బతిమాలానండీ. జతలు మార్చకూడదంట. లంచ్ అయ్యాక ఇంకొక్కసారి చూస్తానంది. అదే ఆఖరంట.

నవ్వకండి. పెద్దోళ్ళ చేత కాళ్ళు పట్టించుకుంటే ఆయుష్షు తరిగిపోద్దని మా నాయనమ్మ అనేది. మండపేటలో అందరూ అనేవోరే. దేశంకాని దేశమొచ్చాక అది వదలొద్దా? వదల్లేదండీ, ఏం చెయ్యను!

ఇదిగో, పడుకున్నాను. రండి. లంచ్ అయ్యేలోగా అలవాటు చేసేయండి నన్ను.

మీరెవరో తెల్లపిల్ల అనుకుంటానండీ... అబ్బే, కుదరట్లేదు. చేతులు ఇంగువ వాసనొస్తన్నాయి.

నడుం వద్దండీ. తిన్నగా పాదాలే పట్టండి. లాక్కుంటున్నానా? వదలకండి. లేవబోతే వీపు మీద ఒక్కటివ్వండి.

ఆయుష్షా... అంతా ఉంచుకుని నేనేం చేసుకుంటానండీ? కొంత మీరు పట్టుకెళ్ళండి.