కొలత దారం

మా కుమారికి ఒక్కటి కూడా తొడగలేదు కదూ వదినగారూ? చూడండి, బొత్తాలు నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మడత కూడా విప్పలేదు. ఎర్రదీ, నీలందీ, ఈ పసుపుపచ్చదీ... మూడు స్వెట్టర్లు! మూడూ కలరా ఉండల వాసన కొడుతున్నాయి.

తెలుసండీ, తెలుసు. మీ రామచంద్రపురంలో ఉక్కపోత. విసనకర్ర పట్టుకుని కూర్చున్నా జాకెట్టు తడిసిపోతుంది. పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు అక్కడున్నదాన్నే కదా, నాకు తెలీదా? అయినా ఈ డిసెంబరులో పొద్దుటిపూట కాలవగట్టు మీద మంచు పడదూ? ఆ గంటసేపైనా తొడగాల్సింది.

అబ్బే, మిమ్మల్నేం అనట్లేదు. అనడానికి నాకేం మొహం ఉంది? పొద్దున్న కుమారిని తీసుకుని రిక్షా దిగారు. మీ అమ్మగారిని పలకరించిన ఒక్క ముక్క తప్ప నా ముందు ఇప్పటిదాకా మళ్ళీ నోరు విప్పలేదు. ఈ అరుగు మీద సంచీ పక్కన పెట్టుకుని కూర్చున్నారు. కాఫీ ఇస్తే చల్లారిపోయింది. అన్నానికి లెమ్మంటే లేవలేదు. అందుకని నోటికొచ్చిందల్లా వాగుతున్నాను.

ఎందుకు మాట్లాడట్లేదో నాకు తెలుసు వదినగారూ. మీ తమ్ముడు రాసిన ఉత్తరం. "నీకు పిల్లల్లేరని నా పిల్లని దాచుకుంటావా అక్కయ్యా" అని రాశారు. రాస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. వద్దనలేదు.

సాయంత్రం బండికి వెళ్ళిపోవాలని, నాకు సాయమొచ్చే ఎంకమ్మతో రిక్షా కూడా చెప్పించారట. ఆయన ఆఫీసు నించి ఐదున్నరకి వస్తారు. ఆలోపే, పిల్లని అప్పగించేసి, తమ్ముడి మొహం చూడకుండా... అంతేనా? ఊఁ. అంతే.

ఒక్క పావుగంట నా మాట వినండి. తర్వాత మీ ఇష్టం.

అత్తయ్యగారికి పక్షవాతం వచ్చినప్పుడు మీరొచ్చి పదిరోజులున్నారు, గుర్తుందిగా? అప్పటికి ఆవిడకి మాట పూర్తిగా పోయింది. మీరు వెళ్ళిన రెండు నెలలకి మళ్ళీ వచ్చింది. వచ్చింది కానీ, అదేం మాట? నాలిక మడతపడి అంతా ఒకటే శబ్దం. నీళ్ళన్నా అదే, కాళ్ళు నొక్కమన్నా అదే. నాకర్థం కాదు. మీ తమ్ముడికర్థం కాదు. మాకర్థం కాకపోతే ఆవిడ ఏడుస్తారు, కంచం తోసేస్తారు.

ఒక్క కుమారికి అర్థమయ్యేది. ఎలాగో మరి! అప్పటికి ఏడేళ్ళది. మంచం పక్కన నిలబడి "మామ్మకి తలగడ ఎత్తుగా ఉందిటమ్మా", "కిటికీ వెయ్యమంటోందమ్మా" అని చెప్పేది. అది చెప్పినట్టు చేస్తే ఆవిడ శాంతించేవారు.

మొదట్లో మురిసిపోయాం. వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాం. "మా ఇంట్లో దుబాసీ ఉందండోయ్" అనేవారు మీ తమ్ముడు.

మెల్లిమెల్లిగా ఏమయిందో తెలుసా? అశోక్ నగర్ స్కూలుకి మనిషిని పంపి మధ్యలో పిలిపించడం మొదలైంది. తర్వాత వారానికి మూడ్రోజులే బడి. తర్వాత అదే, "ఇవాళ మామ్మకి బాగాలేదు, వెళ్ళనమ్మా" అనేది. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతూ పిలిస్తే కిటికీలోంచి చూసి "నాకు పనుంది" అనేది. పనుందిట! ఒకరోజు జడ వేస్తున్నాను. "అమ్మా, నేను పెళ్ళి చేసుకోను. నేనెళ్ళిపోతే మామ్మనెవరు చూస్తారు?" అంది. నా చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది.

అప్పుడైనా నోరు తెరిచానా? లేదండీ. నాకూ సాయంగానే ఉంది కదా! దొడ్లోకెళ్ళి నాలుగు చెంబులు పోసుకునే వ్యవధి కూడా అదిస్తేనే నాకు దొరికేది. నేనూ మనిషినే.

ఈలోగా ప్రత్యేక రాష్ట్రం గొడవలొచ్చాయి. మీరు పేపర్లో చదివే ఉంటారు. చదవడం వేరు, తలుపులేసుకుని లోపల కూర్చోవడం వేరు. కర్ఫ్యూ రోజుల్లో పాలు లేవు, కూరలు లేవు. ఒక సాయంత్రం, ఆయనింకా ఆఫీసు నించి రాలేదు, ఓ గుంపు మన సందులోకొచ్చింది. "ఆంధ్రోళ్ళ ఇల్లేది?" అంటున్నారు. రాయొకటి వచ్చి వంటింటి రేకు మీద పడింది. గడియ పెట్టి, తలుపుకి వీపు ఆన్చి నిలబడ్డాను.

అప్పుడు అడ్డుపడింది ఈ ఎంకమ్మే. వెనక బస్తీలో ఉంటుంది, కూలిపనికెళ్తుంది. పొద్దునా సాయంత్రం అత్తయ్యగారిని లేవదీయడానికి నాకు సాయం వస్తుంది. గేటుకడ్డంగా చతికిలబడి, "ఈ ఇంట్ల ముసలామె మంచంల వడ్డది. జర సోయి ఉన్నదా మీకు? పోండ్రి బిడ్డా, పోండ్రి" అంది. పోయారు. తర్వాత తలుపు సందులోంచి నాతో, "నువ్వు పరేషాన్ కాకమ్మా, నేనీడనే కూసుంట" అంది. పాలమూరు నించి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మనిషి. మేమేమవుతాం ఆవిడకి?

లోపలికెళ్ళి చూద్దును కదా, కుమారి మంచమెక్కి, రెండు చేతుల్తో అత్తయ్యగారి చెవులు మూసి పట్టుకుని కూర్చుంది. ఆవిడకి వినిపించకూడదని. మరి దాని చెవులెవరు మూస్తారు వదినగారూ?

మర్నాడే అన్నాను, పిల్లని మీ దగ్గరికి పంపేద్దామని. ఆయనా సరేనన్నారు. ఆఫీసులో కాశీవిశ్వనాథం గారి కుటుంబం కాకినాడ వెళ్ళిపోతుంటే వాళ్ళతో పంపాం. "నెల రోజులే" అన్నారాయన. ఎనిమిది నెలలైంది.

మొదటి కార్డుల్లో అన్నీ మామ్మ సంగతులే. మామ్మ తిందా, మామ్మ పడుకుందా, ఎవరు చెబుతున్నారు నీకు... ఇవే. నాలుగో కార్డేమో ఇలా ఉంది: "మామయ్య ఈత నేర్పుతానని నా నడుముకి ఎండు సొరకాయలు కట్టి కాలవలో దింపారు. మునిగాను. ముక్కులోకి నీళ్ళు పోయాయి. చాలా బాగుంది." అంతే. దాంట్లో మామ్మ మాట లేదు! పొయ్యి దగ్గర కూర్చుని ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. పప్పు మాడిపోయింది.

ఆ రోజే అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, ఏదో తెగిపోయినట్టైంది లోపల. దీన్ని మళ్ళీ ఈ ఇంటికి తీసుకురాకూడదు, అంతే.

మళ్ళీ అది లేకుండా ఉండలేను! అందుకే ఆ సూదులు బయటికి తీశాను. చైనా యుద్ధమప్పుడు నారాయణగూడలో ఆడవాళ్ళమంతా కూడి జవాన్లకి మఫ్లర్లు అల్లాం, అప్పుడు నేర్చుకున్న విద్య. కొలతలు పంపమని మీకు రాస్తే, మీరు దారం పంపారు. మెడ నించి నడుం దాకా ఒక ముడి, చేతి పొడుగుకి ఒక ముడి, ఛాతీ చుట్టుకొలతకి ఒకటి. కవరు విప్పగానే ఆ దారం జారి ఒళ్ళో పడింది. పిల్లే వచ్చి ఒళ్ళో కూర్చున్నట్టు... నవ్వకండి.

ఆగస్టులో రెండో దారం పంపారు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండు వేళ్ళు పెరిగింది! నేను చూడకుండా, నేను అన్నం పెట్టకుండా పెరిగింది. సంతోషించాను. ఏడ్చాను కూడా. అత్తయ్యగారి మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఒక్కో వరసా అల్లుతుంటే దాని వీపు నిమురుతున్నట్టే ఉండేది. అక్కడ ఉక్కపోతా, చలా అన్నది నాకు పట్టలేదు. నాకు ఊలు పని తప్ప ఇంకోటి రాదు, ఏం చెయ్యను?

ఈ రెండేళ్ళలో నేనీ గడప దాటి వెళ్ళిన దూరమెంతో తెలుసా? నారాయణగూడ చౌరస్తా. ఊలు కొట్టు దాకా. ఎంకమ్మని ఆవిడ దగ్గర కూర్చోబెట్టి పరుగున వెళ్ళడం, పరుగున రావడం. ఒకసారి హైదర్‌గూడ వైపు వెళ్ళే బస్సు నా ముందే ఆగింది. ఎక్కేద్దామనిపించింది. ఎక్కడికీ అంటే ఏమో! ఊలు ఉండ గుండెకి అదుముకుని నిలబడ్డాను. బస్సు వెళ్ళిపోయింది. నేను ఇంటికొచ్చాను.

ఇంక అసలు మాటకొస్తున్నాను. కోపం రాక మానదు మీకు.

దసరాలకి ముందే ఇక్కడ స్కూళ్ళు తెరిచారు. "అక్కయ్యకి రాయి, పిల్లని పంపమని" అన్నారు మీ తమ్ముడు. నేను మీకేం రాశాను? "గొడవలు ఇంకా తగ్గలేదు, ఇంకొన్నాళ్ళు ఉంచండి" అని. ఆయనకేం చెప్పాను? "వదినగారు పంపనంటున్నారండీ, మాకూ అలవాటైపోయింది, మా దగ్గరే చదువుకుంటుంది అంటున్నారు" అని.

ఆఁ... ఇప్పుడు తలెత్తారు.

అవును, నేనే. పోస్టుమాను పగలొస్తాడు, ఉత్తరాలు నా చేతికే వస్తాయి. కుమారి కార్డులు ఆయనకి చూపించేదాన్ని. మీవి పొయ్యిలో పెట్టేదాన్ని. "పిల్ల మీద బెంగ పెట్టుకున్నావా రత్నం, ఎప్పుడు తీసుకురమ్మంటావు?" అని ఎంత ప్రేమగా రాసేవారు! అదీ పొయ్యిలోకే. మూడు నెలల్నించీ తమ్ముడు మీకు ఉత్తరం ముక్క రాయలేదంటే నా వల్ల. చివరికి ఆ పాడు మాట రాశారంటే అదీ నా వల్ల. పిల్లల్లేని మనిషిని అనకూడని మాట. ఆయన చేత అనిపించింది నేను.

అలా చూడకండి. తిట్టండి. చెయ్యి చేసుకున్నా పడతాను.

నిజం చెప్పెయ్యమంటారా? చెబుతాను. సాయంత్రం రాగానే చెబుతాను. మీ తమ్ముడు మీ కాళ్ళ మీద పడతారు. పిల్ల మాత్రం ఇక్కడే ఉండిపోతుంది. "మా అమ్మ ప్రాణం దాని మీదుంటే నువ్వు దూరం చేస్తావా?" అంటారు. చెడ్డవారు కాదండీ ఆయన. సాయంత్రం రాగానే మంచం పక్కన కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుంటారు. పగలంతా ఆ చేతిలో ఎవరి చెయ్యి నలిగిందో ఆయనకి తెలీదు.

అత్తయ్యగారిని మీరు తీసుకెళ్ళలేరు, నాకు తెలుసు. మీ అత్తగారింట్లో మీ మాటే చెల్లదు. నేనది అడగట్లేదు.

పొద్దున్న చూశారు కదా! ఎనిమిది నెలల తర్వాత ఇంటికొచ్చిన పిల్ల కాళ్ళు కూడా కడుక్కోలేదు. లోపల్నించి ఆ శబ్దం వినిపించగానే చేతిలోది వదిలేసి పరిగెత్తింది. మీరు గుమ్మంలో నిలబడి "అమ్మా, నేనే" అన్నారు. ఆవిడేదో అన్నారు. మీకర్థం కాలేదు. కుమారి చెప్పింది, "నువ్వు చిక్కిపోయావంటోంది అత్తయ్యా" అని. మీ అమ్మ మీతో అన్న మాట మీకు నా తొమ్మిదేళ్ళ పిల్ల చెప్పాల్సి వచ్చింది. అప్పట్నించీ ఆ గదిలోంచి బయటికి రాలేదది. అన్నం తినమంటే "మామ్మ పడుకున్నాక" అంది. రిక్షా దిగినప్పటి మొహమేనా అది?

తీసుకెళ్ళిపోండి వదినగారూ. ఆయన రాకముందే. అబద్ధం అబద్ధంగానే ఉండనివ్వండి. మీకు అన్యాయమే, కాదనను. తమ్ముడు దూరమవుతాడు. అంత పెద్దది అడుగుతున్నాను. ఇంకెవర్నడగను?

లేచారేం? గేటు ఇటండీ... ఆ గదిలోకా?

నిద్రలోనైనా అత్తయ్యగారు దాని చెయ్యి వదలరు. ఒక్కో వేలూ మెల్లిగా విడదీయాలి. మీ చెయ్యి పెట్టండి అక్కడ. ఊఁ... అలాగే. కాసేపు ఉంచండి. కదలట్లేదు. కుమారీ, నువ్విలా రా తల్లీ. మాట్లాడకుండా రా.

అత్తయ్యతో మళ్ళీ వెళ్తున్నావు. నాన్నగారికి నేను చెబుతాలే. ఏమిటీ? మామ్మ మాట నాకెలా తెలుస్తుందా? నేర్చుకున్నానమ్మా. సాగదీస్తే నీళ్ళు. రెండుసార్లంటే అటు తిప్పమని. సగం తెలుసు. మిగతా సగం తప్పొస్తే ఏడుస్తారు, ఏడవనీ. నేనున్నాగా. ఇదిగో, ఈ ముద్ద తిను. ఇంకోటి. చాలు, చెప్పులేసుకో.

రిక్షా వచ్చిందా ఎంకమ్మా? వస్తున్నారు, ఒక్క నిమిషం ఆగమను.

ఆయన వెనకాలే బయల్దేరి వస్తారేమోనన్న భయం పెట్టుకోకండి వదినగారూ. కోపమొస్తే ఉత్తరం రాస్తారు కానీ అమ్మని వదిలి ఒక్కరోజు ఉండలేరు. సాయంత్రం చెబుతాను, మీరొచ్చి పిల్లని చూపించి మళ్ళీ తీసుకుపోయారని. అరుస్తారు. ఇంక మీ గడప తొక్కనంటారు. అన్నంత పనీ చేస్తారు.

ఆయన మిమ్మల్ని తిడుతుంటే, పక్కన నిలబడి నేనూ రెండు మాటలంటాను. అనకపోతే నమ్మరు. ఏమీ అనుకోకండి.