వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు

అరుపులమ్మకి నలభై ఒక్క ఏళ్ళు. నోరు తెరిచే ముందు గోరువెచ్చని నీళ్ళు ఒక గుటక మింగడం ఆవిడ అలవాటు. టైమెంతయిందని అడిగినా అంతే, ముందు నీళ్ళు, తర్వాత జవాబు.

ఇంట్లో గానీ వీధిలో గానీ ఆవిడ గొంతు పెంచి ఎరగదు. ఆ పేరు డబ్బింగ్ స్టూడియోలో పడింది. బొమ్మల సీరియల్లో మేడ కూలితే కింద పడ్డ జనం కేకలు ఆవిడవే. పక్కింటి ముసలమ్మ దగ్గు, పసిబిడ్డ ఏడుపు, పిల్లి, కాకి, గొంతులో ఎముక ఇరుక్కున్న రాక్షసుడు, అన్నీ ఆవిడే. తెర మీద పేర్లు పడేచోట మాత్రం హీరోకి ఒక పేరు, విలన్‌కి ఒక పేరు ఉండి, ఆవిడ వంతు వచ్చేసరికి 'అరుపులు, తదితర శబ్దాలు: స్టూడియో బృందం' అని పడుతుంది. ఆ బృందంలో ఉన్నది ఒకే ఒక్క మనిషి.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయి, పని ఆగి, స్టూడియో జనమంతా ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీల మీదికి చేరారు. ఛానెల్ నుంచి వచ్చినాయన కూడా వాళ్ళలో ఉన్నాడు. ఒళ్ళో ఫైలు, చేతిలో టీ గ్లాసు. అనిమే అనే జపాను బొమ్మల సీరియల్ రెండో విడతకి గొంతులు ఖాయం చేసి సంతకాలు పెట్టించుకుపోవడానికి వచ్చాడు.

ఆ సీరియల్ సంగతి కాస్త చెప్పాలి. ఐదుగురు పిల్లల దండు ఒకటి రూపాలు మార్చే దయ్యాలని వేటాడుతూ ఉంటుంది. దయ్యం బస్సు కండక్టరులా వస్తుంది, హెడ్‌మాస్టరులా వస్తుంది, ఒక్కోసారి తలుపు వారన గొడుగులా వచ్చి నిలబడుతుంది. ఏ రూపమైనా పడుతుంది గానీ నాలుక దగ్గర దొరికిపోతుంది. అసలు భాషలో ఆ దయ్యాలకి పలకని శబ్దం ఇంకేదో ఉంది. తెలుగులోకి దించిన రచయిత వారం రోజులు తల గోక్కుని 'ళ' పెట్టాడు. అనుమానం వచ్చిన ప్రతివాడి కాలరూ పట్టుకుని హీరో, "'వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు', అను" అంటాడు. సరిగ్గా అంటే మనిషి. 'వాల్ల కల్లల్లో నీల్లు' అంటే దయ్యం, ఇక తన్నులే తన్నులు. పిల్లలు బళ్ళో ఇదే ఆట ఆడుతున్నారట.

పాపం ఆ రచయితకి తెలియనిది ఒక్కటే. హీరో గొంతుకి సంతకం పెట్టిన మనిషికి ళ పలకదు.

ఆ మనిషి అరుపులమ్మ అక్క మొగుడు. స్టూడియోలో అందరూ హీరోగారనే పిలుస్తారు. సబ్బు ప్రకటనల్లో గంభీరంగా మాట్లాడి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాడు. నలభై తొమ్మిదేళ్ళు. బొమ్మలోని హీరోకి పదిహేను.

ళ పలకకపోతే కొంపలేం మునగవు. అరుపులమ్మ తల్లి బతికినన్నాళ్ళూ 'పెల్లి' అనే అంది, ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళూ దివ్యంగా చేసింది. తప్పు నాలుకది కాదు. రికార్డింగు మొదలైన రోజు ఆ ఒక్క మాటకి యాభై టేకులయ్యాయి. యాభై ఒకటోది అరుపులమ్మ పలికింది. ఆ తర్వాత ఇరవై ఆరు భాగాల్లోనూ హీరో ఆవిడే. పనయిందా లేదా అన్నదే స్టూడియో యజమానికి కావాలి, అయింది. పేరు మాత్రం ముందే అచ్చయిపోయిందని బావగారిదే ఉంచారు. "మీ బావ పరువు నీ చేతిలో ఉందే" అని అక్క ఒకసారి ఫోను చేసి చెప్పింది. పరువు మగవాళ్ళదీ దాన్ని మోసే బరువు ఆడవాళ్ళదీ అని ఆ ఇంట్లో ఏనాడో పంపకాలయిపోయాయి.

ఇందాక ఛానెలాయన ఫైలు తిప్పుతూ రెండు మాటలు చెప్పాడు. హీరో గొంతు పాతదే ఉంటుందట, జనానికి తెగ నచ్చిందట. అరుపులు మాత్రం ఇప్పుడు వేల కొద్దీ తయారుగా దొరుకుతున్నాయి కాబట్టి దానికి విడిగా మనిషి అక్కర్లేదట. విరిగిన కుర్చీ బయట పెట్టించినంత మామూలుగా చెప్పాడు. బావగారు తలూపాడు. "మరే, అరుపులకి మనిషెందుకండీ" అన్నాడు కూడా.

మరదలు పోతే రేపు హీరో మాటలు ఎవరు పలుకుతారన్న ఆలోచన ఆయనకి రానే లేదు. అబద్ధం పదిసార్లు చెప్పిన మనిషికి పదకొండోసారి అది జ్ఞాపకమైపోతుంది.

అరుపులమ్మ బెంచీ చివర కూర్చుని నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉంది. చెప్పేస్తే అక్క ఇల్లు రచ్చ. చెప్పకపోతే తన పని ఈ పూటతో సరి.

ఇంతలో ఛానెలాయన మర్యాదకి అన్నట్టు, పదకొండో భాగంలో నేస్తం చనిపోయాడనుకుని హీరో ఏడ్చే సీను ఎలా పలికారు సార్, మా అమ్మాయి రోజూ అదే పెట్టుకుని కూర్చుంటుంది అన్నాడు.

చాలు. ఎండుగడ్డికి నిప్పు చూపించినట్టయింది.

"ఒక్క టేకు," అన్నాడు బావగారు. "పేపరు కూడా చూడలేదు. కల్లు మూసుకున్నాను, పలికాను, బయటికొచ్చాను."

"కల్లుకైతే మూత పెట్టాలి గదండీ," అంది టీ కొట్టావిడ గ్లాసులు కడుగుతూ. అందరూ నవ్వారు. మామూలు మాటల్లో ఊళ్ళో సగం మంది అలాగే అంటారు గనుక ఛానెలాయన అంతకు మించి పట్టించుకోలేదు.

బావగారు ఆ నవ్వుని మెప్పు కింద జమ వేసుకుని బెంచీ మీద కాలు మడిచి కూర్చున్నాడు. కథ కదిలింది. ఆయన ఏడుపు అందుకోగానే మైకు వేడెక్కిందట. వేడెక్కడమంటే మామూలు వేడి కాదట, దాని మీద పెట్టిన టీ మరిగిందట. అద్దాల గదికి అడ్డంగా పగులు ఇచ్చిందట. వీధిలో ఆపిన బళ్ళన్నీ వాటంతటవే కుయ్యోమన్నాయట. సందు చివర ఆస్పత్రిలో అప్పుడే పుట్టిన పదకొండు మంది పసివాళ్ళు ఏడుపు ఆపేసి, మాకంటే బాగా ఏడ్చేవాడు ఒకడున్నాడే అని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట.

"వాల్లకి చూపు ఆనదు కదండీ అప్పుడే," అని తనే అడ్డుచెప్పుకుని, "అయినా చూసుకున్నారు. నర్సు చెప్పింది," అన్నాడు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా అని అడిగి, ఎవరూ తెలుసనకముందే అందుకున్నాడు. తెర మీద దయ్యం ఉంది గదా, అది ఆగిపోయిందట. హీరో మీదికి ఎత్తిన గోళ్ళు ఎత్తినట్టే పట్టుకుని, తల ఇటు తిప్పి, అద్దంలోంచి ఈయన వంక చూసి, ఎవడ్రా ఈ గొంతు అందట. అని తెర అంచు పట్టుకుని, కిటికీ దూకినట్టు దూకి బయటికొచ్చేసిందట. వస్తూనే కుర్చీ అయిపోయిందట. ఈయన చూసుకోకుండా కూర్చున్నాడట. కుర్చీ వెచ్చగా ఉండేసరికి అనుమానమొచ్చి లేచి ఒక్క తన్ను తన్నితే అది కాస్తా రికార్డింగు చూసే సౌండాయన రూపం పట్టిందట. ఇద్దరు సౌండాయనలు మీటల దగ్గర నిలబడి నేను తిప్పుతానంటే నేను తిప్పుతానని కొట్టుకున్నారట.

"ఆ రోజు నేను సెలవు," అన్నాడు సౌండాయన.

"అందుకే నీ రూపం పట్టింది," అన్నాడు బావగారు తడుముకోకుండా. "సెలవులో ఉన్నవాడైతే ఎవరూ పని చెప్పరని దానికి తెలుసు."

"ఇద్దరు కొట్టుకున్నారన్నారు కదండీ. రెండోవాడెవరు?"

"మధ్యలో మాట్లాడకు. కథ పాడవుతుంది."

దయ్యం పరుగు, ఈయన వెంట పరుగు. అది మెట్లయిందట. ఈయన పైకెక్కుతుంటే అవి కిందికి దిగుతున్నాయట. మూడు గంటలు ఎక్కి రెండో మెట్టు మీద ఉన్నాడట. చివరికి రెయిలింగు పట్టుకుని మెలిపెడితే మెట్లన్నీ బాబోయ్ అని చాప చుట్టినట్టు చుట్టుకుపోయాయట. అప్పుడు ఈయన తన దండుని పిలిచాడట. హెడ్‌ఫోను తీగ తీసుకుని సౌండాయన, మరిగే కెటిల్ పట్టుకుని టీ కొట్టావిడ, అందరికీ ముందు ఈయన. దయ్యం వీధంతా రూపాలు మార్చుకుంటూ పోయిందట. పోస్టు డబ్బా, ట్రాఫిక్ పోలీసు, చెప్పులు కుట్టేవాడి గొడుగు. ఒక దశలో బాంకు అయిపోతే జనం లోపలికెళ్ళి వరసలో నిలబడ్డారట.

"నేనెప్పుడొచ్చాను కెటిల్ పట్టుకుని?" అంది టీ కొట్టావిడ.

"నీకు గుర్తుండదు. భయంతో మతి పోయింది నీకు."

"నాకా భయం?" అంది ఆవిడ. ఆ వీధిలో ఆవిడకి భయపడనివాళ్ళు లేరు.

దయ్యం అన్ని రూపాలూ పట్టింది గానీ ఈయన రూపం మాత్రం పట్టలేకపోయిందట. మొహం వచ్చింది, పొట్ట వచ్చింది, గొంతు దగ్గరకొచ్చేసరికి చెమటలు కక్కి, ఇది నా వల్ల కాదు బాబూ అని రోడ్డు మీద చతికిలబడిందట. అరుపులమ్మ ఆ మాట దగ్గర సీసా వంక చూస్తూ పెదవి కొరుక్కుంది.

"చివరికి అది ఎవరి రూపం పట్టిందో తెలుసా?" బావగారు వేలు ఆవిడ వైపు చూపించాడు. "ఇదిగో, మా మరదలు. పక్కపక్కన ఇద్దరు. అదే చీర, అదే నీల్ల సీసా. ఏది మనిషి, ఏది దయ్యం? ఇంకొకడైతే అక్కడే మూర్ఛపోయేవాడు. నేనేం చేశాను? సీరియల్లో నేను పెట్టే పరీక్ష ఉంది కదా, అదే పెట్టాను."

అరుపులమ్మ గబుక్కున నీళ్ళు ఒక గుటక మింగింది. ఆయన ఎక్కడికి నడుస్తున్నాడో ఆవిడకి కనిపించింది, ఆయనకి కనిపించలేదు. ఎంతైనా అక్క మొగుడు. "బావగారూ, టీ చల్లారిపోతోంది, తాగండి," అంది.

"అరిచే దానివి అరుపులు చూసుకో అమ్మా," అన్నాడాయన, ఛానెలాయన వైపు కన్ను గీటి. "మాటలు మాకొదిలెయ్. దీన్ని ఈ పనిలోకి తెచ్చింది నేనేనండీ. ఇంతవరకు ఒక్క పూర్తి వాక్యం పలకలేదు, అయినా తెర మీద పేరు పడాలని మనసులో ఉంది."

ఆవిడ మళ్ళీ సీసా మూత తిప్పుకుంది. టీ దాని దారిన అది చల్లారింది.

"ఇద్దర్నీ నిలబెట్టి, అనండి అన్నాను," బావగారు లేచి నిలబడ్డాడు. "మొదటిది అంది, 'వాల్ల కల్లల్లో నీల్లు.' రెండోది అంది, 'వాల్ల కల్లల్లో నీల్లు.'" రెండు చేతులూ చాచి అందర్నీ కలయజూశాడు. "తెలిసిందా తేడా?"



"రెండూ ఒకటే కదండీ," అంది టీ కొట్టావిడ.

"వినే చెవి ఉండాలి. మొదటిది 'ల' అంది. రెండోది 'ల' అంది."

సౌండాయన దగ్గు వచ్చినట్టు తల పక్కకి తిప్పుకున్నాడు. ఛానెలాయన గ్లాసు కింద పెట్టాడు. "సార్, మనిషి అన్నది ఇంకోసారి అనండి," అన్నాడు. బావగారు అన్నాడు. "దయ్యం అన్నది?" అదీ అన్నాడు, ఈసారి కాస్త గంభీరంగా. కూతురి పుణ్యమా అని ఆ మాట ఇంట్లో వందసార్లు విన్న మనిషి ఛానెలాయన. ఆయన మొహం మెల్లగా మారింది.

అది చూసి బావగారు తడబడ్డాడు. తడబడినప్పుడల్లా ఎవరి వైపు తిరుగుతాడో వాళ్ళ వైపే తిరిగాడు. "నువ్వు చెప్పవే. ఆ రోజు అక్కడే ఉన్నావుగా?"

అరుపులమ్మ నీళ్ళు ఒక గుటక మింగింది. అక్క ఫోనులో అన్న మాట గుర్తొచ్చింది. ఈ మనిషి పరువుని ఇన్నాళ్ళు ఎక్కడ దాచిందో కూడా గుర్తొచ్చింది, సరిగ్గా ఆ నీళ్ళు దిగుతున్న చోటే.

"ఉన్నాను బావగారూ. ఇద్దరుగా లేను, ఒక్కదాన్నే ఉన్నాను," అంది. "మీ పరీక్షే ఖాయమైతే ఈ బెంచీ మీద దయ్యం మీరొక్కరే."

టీ కొట్టావిడ నవ్వు అందుకుంటే సౌండాయనకి పొలమారింది. ఛానెలాయన నవ్వలేదు. మరి సీరియల్లో పలికిందెవరని అడిగాడు.

ఆవిడ లేవలేదు, గొంతు సవరించుకోలేదు. కూర్చున్నచోటే బావగారి కళ్ళల్లోకి చూసి, పదిహేనేళ్ళ పిల్లవాడి గొంతుతో, "వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు," అంది. ఒక్కో ళ నాలుక మడతలోంచి గోళీలా దొర్లి వచ్చింది. రోడ్డవతల బడి నుంచి వస్తున్న ఇద్దరు పిల్లలు టక్కున ఆగి, హీరో ఎక్కడున్నాడా అని చుట్టూ చూశారు.

"అను," అంది అదే గొంతుతో.

బావగారు మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు. "మీ అక్క మొహం ఎలా చూస్తావు?" అన్నాడు.

"మా అక్క ఇరవై ఆరు భాగాలూ చూసింది బావగారూ. అది ఎవరి గొంతో ఆవిడకి తెలుసు. మీకొక్కరికే చెప్పాల్సి వచ్చింది."

కరెంటొచ్చింది. స్టూడియో లోపల ఫ్యాన్లు కదిలాయి. ఛానెలాయన ఫైలు తెరిచి, బావగారి పేరున్న చోట గీత కొట్టి, పెన్ను ఆవిడ వైపు చాచాడు. ఆవిడ కాగితం చదివి, పెన్ను తిరిగి ఇచ్చేసింది. హీరో గొంతు ఎవరిదో తెర మీద వేస్తామని ఇందులో రాయలేదు, రాశాక కబురు చెయ్యండి అంది.

పదకొండు రోజులు ఇంట్లో కూర్చుంది. పన్నెండో రోజు రాసి పంపారు, వెళ్ళి పనిలో చేరింది. అరుపులు కూడా తనే అరిచింది, వాటికీ పేరు వేయించుకుంది.