కూర్మనాథం మేష్టారి ముట్టుకునే మిల్లు

రా బాబూ, ఎండలో నిలబడతావేటి, ఈ బల్ల మీద కూకో. బండికింకా టైముందన్నావు కదా. ఏటి, ఆ పొటోలో కళ్ళజోడు నుదుటి మీదకి ఎత్తుకుని నవ్వుతన్న పెద్దాయనెవరనా? ఆయనే కదేటి ఈ మూతబడిపోయిన రైసుమిల్లుని ఇలగ సేసినోరు! కూర్మనాథం మేష్టారు. నాను ఎల్లాజీని, ఈ మిల్లులోనే ఇంజిను కాడ పన్సేసీవోడిని, ఇప్పుడు గేటు కాడ కూకుంటన్నాను. మేష్టారు పోయి సానా ఏళ్ళయిపోనాది గానీ, ఆయన మాటొస్తే నాకు ముందు నవ్వొస్తాది. ఆయనది శ్రీకూర్మం. తాతల కాడ్నించీ గుళ్ళో సన్నాయి వాయించే ఇల్లు. ఈయన గుంటడప్పుడు ఇంట్లో హార్మోనీ పెట్టి ఉండీదట. లోపల పాడతన్నదెవుడో సూద్దారని మరలిప్పీసి, మెట్లన్నీ పీకీసి, అరుగు మీద పరిసీసినారట. ఇంతట్లోకి తండ్రి వొచ్చినాడు. మరేటుంది, వీపు సిట్లిపోనాది. ‘ఇంకోపాలి దేన్నయినా ముట్టుకున్నావంటే సేతులిరగ్గొడతాను’ అన్నాడట. ఆ మాట ఆ గుంటడి లోపలికి దిగిపోనాది బాబూ. పెద్ద సదువులు సదివినారు, ఇజీనగరంలో పాలిటెక్నిక్కు మేష్టారయినారు, ఆయిలింజిను బొమ్మ నల్లబల్ల మీద కళ్ళు మూసుకుని గీసీసీవోరట. అయితే ఏటి, ఒక్కనాడూ ఇంజిను మీద సెయ్యెయ్యలేదు. ఇంట్లో ఫీజు పోతే ఆవిడే ఏసీది, లక్ష్మీకామేశ్వరమ్మగారు. ‘మా ఆయన ఇంజినీర్లకి మేష్టారు, మేకు కొట్టమంటే మాత్రం వేలు కొట్టుకుంటారు’ అని ఆయన ముందరే అనీది. ఆయన కూడా అవునవునని నవ్వీవోరు.

సరే, రిటైరయ్యాక ఇక్కడ ఆమదాలవలసలో ఇల్లు కట్టుకున్నారు. అప్పటికే మన మిల్లు ఆగిపోనాది. ఓనరు హరిబాబు ఇంజిను తుక్కుకి అమ్మీసి లారీ కూడా పిలిపించీసినాడు. గ్యాసు కటింగోళ్ళు సామాను దించుతన్నారు. మేష్టారు పాలు పోయించుకుని ఇటేపు వొస్తా, గిన్నె సేత్తో పట్టుకునే లోపలికొచ్చి నిలబడిపోనారు. ‘ఏం చేస్తున్నారయ్యా?’ అన్నారు. ‘కోసీసి అట్టుకుపోతాం బాబూ’ అన్నారు ఆళ్ళు. అప్పుడు మేష్టారు హరిబాబు కేసి తిరిగి, ‘కొయ్యకముందు ఒక్కసారి స్టార్టు చేయిస్తారా? జీవితమంతా దీని బొమ్మే గీశాను, దగ్గరుండి చప్పుడు వినలేదు’ అన్నారు. ఇంతోటి మనిషి ఐసుపుల్లకి గుంటడడిగినట్టు అడిగినారు. హరిబాబు కాదనలేకపోనాడు. డీజిలు పోసినాం, ఆ పెద్ద సక్రం కాడ నిలబడి, ‘మేష్టారూ, మీరూ పట్టండి’ అన్నాను నాను. ఆయన సెయ్యి ముందుకొస్తాది, ఎనక్కెళ్ళిపోతాది. ఆకర్ని నానే ఆ సెయ్యట్టుకుని సక్రం మీద ఎట్టినాను. తిప్పినాం. ఊఁహూఁ. మళ్ళీ తిప్పినాం. డుబుక్కన్నాది, పొగొదిలినాది, ఇంకక్కడి నించి డుబ్‌ డుబ్‌ డుబ్‌! రేకుల మీద పావురాలన్నీ లెగిసిపోనాయి. గట్టు మీదెట్టిన పాలగిన్నె ఆ అదురుకి జరిగి జరిగి కింద పడిపోనాది. ఆయన సూసుకుంటే కదా! ‘తిరుగుతోంది ఎల్లాజీ! తిరుగుతోంది!’ అని నా బుజాలట్టుకుని ఎగురుతన్నారు. హరిబాబు ఆ మొకం సూసి లారీ తిప్పి పంపించీసినాడు. ‘ఉంచుకోండి మేష్టారూ, ఆడుకోండి’ అన్నాడు.

మరింక ఆగుతారేటి? ఊరూరూ తిరిగినారు. ఎక్కడ పాత మిషనుందంటే అక్కడికే. తొక్కే అచ్చు మిషను, కుట్టు మిషన్లు, నీళ్ళ పంపులు, గుండ్రంగా తిప్పే టెలిపోను, భావనపాడు నించి పడవింజిను... అన్నీ ఈ మిల్లులోకే. గుమ్మం మీద బోర్డెట్టించినారు, సూసినావా? ‘ముట్టుకోకుండా చూసేవారు లోపలికి రాకూడదు.’ ఊళ్ళోవోళ్ళు ‘మేష్టారికి మతి పోనాది, మూజియమంటే అద్దాలుండాల గదా’ అని నవ్వీవోరు. పాత సినిమాహాల్లో ఆపరేటరు అప్పలసూరి ఉండీవోడు. హాలు కొట్టీసినప్పుడు ప్రొజెక్టరు ఇంటికి తెచ్చీసుకుని, పెళ్ళాం కంటే బాగా సూసుకునీవోడు. మేష్టారు బతిమాలితే, తుడిసి, బొట్టెట్టి మరీ తెచ్చిచ్చినాడు. తెరిసిన వారానికే ఏటయినాదో తెలుసునేటి? బడిపిల్లలొచ్చి ప్రొజెక్టరంతా ఇప్పీసినారు! సక్రాలొకకాడ, అద్దాలొకకాడ. అప్పలసూరి గుమ్మంలో అడుగెట్టి సూసినాడు. ‘ఓలమ్మో, నా మిషనుని సంపీసినారర్రా! మేష్టారూ, మిమ్మల్ని నమ్మి ఇచ్చినందుకు ఇదేటి?’ అని కూలబడి ఏడిసినాడు. పిల్లలు బిగుసుకుపోనారు. హరిబాబు కూడా, ‘ఇంక తాళమేసీండి మేష్టారూ, అన్నీ పాడయిపోతాయి’ అన్నాడు. మేష్టారికి తన ఇంటి అరుగు మీద ఆనాడు పరిసిన హార్మోనీయే కళ్ళ ముందరకొచ్చినాదో ఏటో, ఒక్క పిల్లనీ పల్లెత్తు మాటనలేదు. అప్పలసూరి పక్కన నేల మీద కూకుండిపోయి, ‘అప్పలసూరీ, నీ మిషను పాడైతే పాపం నాది. కానీ వీళ్ళని తిడితే మళ్ళీ బతుకులో దేన్నీ ముట్టుకోరయ్యా. నేను ముట్టుకోలేదు’ అన్నారు.

అప్పుడు దుర్గని ఒక గుంట ముందరికొచ్చినాది. సేపలమ్మే కూర్మమ్మ కూతురు, బలే గడుసుది. ‘నానే ఇప్పినాను తాతా. తిరిగి నానే బిగిస్తాను. ఏది ఏటో నువ్వు సెప్పు’ అన్నాది అప్పలసూరితోటి. ఆడు కన్నీళ్ళు తుడుసుకుని కోపంగానే, ‘ముందు ఆ సేతులు కడుక్కురాయే, సేపల జిడ్డు’ అన్నాడు. అంతే, మరునాటి నించి బడి ఒగ్గీగానే ఇక్కడికే. ఆడు తిడతాడు, అది ఎదురు సెప్తాది, మేష్టారు మద్దిన కూకుని ఇద్దరికీ మరమరాలు పెడతారు. ఆకర్ని మొత్తం బిగించీసినాక, ‘రీలు కూడా నానే ఎక్కిస్తాను, నువ్వు సూడకూడదు’ అని ఆడ్ని బైటికి తోలీసినాది. పట్టపగలు తలుపులన్నీ మూసీసి, దాన్యం పరిసే తెల్ల బరకం కట్టినాం. ఊరంతా దిగిపోనాది. ఏదో పాత సినిమాలో పెళ్ళి ఊరేగింపు ముక్క. బొమ్మ పడినాది బాబూ, అందరూ తలకిందులు! పైగా ఎనక్కి నడుస్తన్నారు! గుర్రం ఎనక్కి, బాజాలోళ్ళు ఎనక్కి, పెళ్ళికొడుకు పెళ్ళి మానీసి ఇంటికెళ్ళిపోతన్నాడు! ‘ఒసే, రీలు తిరగేసి సుట్టలేదే!’ అని అప్పలసూరి అరిసినాడు. అరిసి, ఆడే ముందర ఈలేసినాడు. ఇంక సూస్కో, మిల్లంతా ఈలలే. దుర్గ సిగ్గుతో తల్లి కొంగులో మొకమెట్టీసినాది. మేష్టారు నవ్వలేక నవ్వలేక పొట్టట్టుకుని బస్తా మీద పడిపోనారు. ‘సరిచెయ్యకండి, ఇంకోసారి ఇలాగే వెయ్యండి’ అంటారు! మూడు మాట్లు అలగే ఏసినాం.

ఇప్పుడు దుర్గ ఇశాపట్నంలో ఓడల ఇంజిన్లు బాగు సేస్తాది, సెలవు దొరికితే ఇక్కడికొచ్చి గుంటలకి నేర్పుతాది. అప్పలసూరీ పోనాడు పాపం. మేష్టారికా? గుండె జబ్బు. సూడ్డానికి ఆస్పత్రికెళ్తే, బీపీ సూసే రబ్బరుబుడ్డి తనే నొక్కుతానని నర్సమ్మతో దెబ్బలాడతన్నారు. ఆ అమ్మాయి నవ్వలేక సస్తన్నాది. ఆయన పోనాక అందరూ ఆయన సేతివాచీని అద్దాలపెట్టిలో పెడదారన్నారు. నానూ అదే అన్నాను, గౌరవం గదా అని. దుర్గొచ్చి, ‘ఆయన వాచీకి అద్దాలపెట్టేటి మావా?’ అని వాచీ ఇప్పీసి, ఆ బల్ల మీద పళ్ళెంలో పరిసీసినాది. అప్పుట్నించి వొచ్చిన ప్రెతీ గుంటా బిగించడానికి సూస్తాది. ఇంకా నడవలేదు. మొన్నొక పిల్ల సెవికాడెట్టుకుని, ‘తాతా, ఒక్కసారి టిక్కుమన్నాది’ అన్నాది. నానూ సెవెట్టినాను. నాకేటీ ఇనపళ్ళేదు. అన్నాదేమో మరి... పిల్ల సెవి కదా...

అదిగో, బడి బస్సొచ్చీసినాది. నువ్వు కూకో బాబూ. ఒరే, ఒరే, మెల్లగ దిగండర్రా! ఆ సక్రం కాడ తోసుకోకండి, అందరికీ వంతొస్తాది!