కిటికీ గట్టు మీద పసుపు పూలు

బయట చలి కొరికేస్తోంది. కిటికీ గట్టు మీద పన్నెండు కుండీలు, వాటి ముందు ఇద్దరు: ఆరు నెలల కిందట పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన పిన్ని, ఆవిడ భర్త మొదటి భార్య కూతురు, ఇంట్లో ముద్దుగా ఉడుత అని పిలిచే పన్నెండేళ్ళ పిల్ల.

“రంగు మారుతుందేమోలే. ఇప్పుడేగా విచ్చింది.”

“పసుపు నీలం ఎలా అవుతుంది పిన్నీ?”

“ఎండ తగిలితే...”

“అమ్మవి నీలం. మధ్యలో తెల్ల చుక్క. పోయే ముందు ఏడాది కూడా కిటికీ నిండా అవే.”

“తెలుసే. చెప్పావుగా.”

“ఇది మొత్తం పసుపే.”

“పసుపు మాత్రం బాగాలేదా? చూడు, మీ నాన్న పెళ్ళి చొక్కాలా ఎంత ఠీవిగా ఉందో.”

“పక్కదీ పసుపేనా?”

“మొగ్గనలా నలపకు. పాపం, ఇంకా నిద్ర లేవలేదు.”

“నలపట్లేదు. చివర చూస్తున్నా. పసుపే.”

“నీలం విత్తనంలోంచి ఒక్కోసారి వేరే రంగు వస్తుందట. షాపులో ఆయన చెప్పాడు.”

“ఏ షాపులో?”

“అదే... మొక్కల షాపులో.”

“మొక్కల షాపుకి ఎప్పుడెళ్ళావు?”

“ఎరువు కోసం వెళ్ళానులే ఒకసారి.”

“ఎరువు మనింట్లో బస్తా ఉంది.”

“ఉడుతా, కాసేపు ఇలా కూర్చో. నీకో మాట చెప్పాలి. విన్నాక నాతో మాట్లాడకపోయినా సరే, లేచి మాత్రం వెళ్ళిపోకు.”

“చెప్పు.”

“నేను వచ్చిన రెండో వారం ఇల్లంతా దులిపాను చూడు. ఈ గట్టు మీద ఒక ట్రే ఉండేది. నిండా ఉత్త మట్టి, గడ్డిపోచ కూడా లేదు. కొత్తగా వచ్చాను కదా, ఇల్లు అద్దంలా ఉంచేద్దామని ఉబలాటం. తీసుకెళ్ళి చెత్తలో వేసేశాను.”

“ఊఁ.”

“నువ్వు బడి నుంచి వచ్చి, ‘అమ్మ విత్తనాల ట్రే ఏది’ అన్నావు. దుమ్ములాంటి విత్తనాలుంటాయని నాకేం తెలుసు? చెత్తబండి అప్పటికే వెళ్ళిపోయింది.”

“ఎండలో పెట్టానన్నావు.”

“అన్నాను. మర్నాడు నువ్వు బడికెళ్ళగానే పరుగెత్తి, మీ అమ్మ వేసే ఆ ప్రిములా పూల మొలకలే, గోరంతవి, పన్నెండు కొనుక్కొచ్చాను. ఇంకో ట్రేలో నాటి, ఎండకి అవే మొలకెత్తాయన్నాను. పెరిగాక ఈ కుండీల్లోకి మార్చాను. నీలమే ఇమ్మన్నాను తల్లీ. నీలమేనని ఒట్టేసి ఇచ్చాడు.”

“నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“అవి అమ్మవి కావని.”

“ఎప్పట్నుంచి?”

“ఆ రోజు నుంచే.”

“ఆకులు చూసి పోల్చావా?”

“కాదు. నువ్వు పారేసిన ట్రేలో విత్తనాలు లేవు.”

“లేకపోవడమేంటి? రోజూ నీళ్ళు చిలకరించేదానివటగా. మీ నాన్న చెప్పారు.”

“ఉత్త మట్టికే. అమ్మ దాచినవన్నీ అంతకుముందు ఏడాదే వేసేశాను. అమ్మయితే పైన చల్లి వదిలేసేది, వాటికి వెలుతురు కావాలట. నేను చలేస్తుందని దుప్పటి కప్పినట్టు వేలెడు మట్టి కప్పాను. ఒక్కటీ రాలేదు.”

“అయ్యో, నా తల్లీ. మరి ఉత్త మట్టికి నీళ్ళెందుకే?”

“నాన్న పొద్దున్నే టీ కప్పుతో వచ్చి చూసేవారు. ‘మీ అమ్మవి వచ్చాయా’ అనేవారు. ‘వస్తాయి’ అనేదాన్ని. ఆ చలికాలం రాకపోతే తెగులు తగిలిందన్నాను. ఆ మరుసటి ఏడాది ఉత్త మట్టి పోసి పెట్టాను.”

“విత్తనాలు అయిపోయాయని చెప్పొచ్చుగా ఆయనతో?”

“చెబితే అడగడం మానేస్తారు. అమ్మ మాట ఇంట్లో వచ్చేది అప్పుడొక్కటే.”

“మరి నేను మొలకలు పెట్టినప్పుడైనా నన్ను నిలదీయాల్సింది.”

“నువ్వు చాలా కష్టపడి అబద్ధమాడావు పిన్నీ. చెవులు ఎర్రగా అయిపోయాయి. పైగా నాన్న ఆ మొలకలు చూసి ఈల వేశారు.”

“ఇలా రా. దగ్గరికి రా. ఇక చాలమ్మా నీకీ మోత. సాయంత్రం మీ నాన్న రాగానే ఇద్దరం కలిసి చెప్పేద్దాం. తిడితే నన్ను తిట్టనీ. ఎలాగూ ఈ పసుపు చూస్తే ఆయనకే తెలిసిపోతుంది.”

“తెలియదు.”

“ఎందుకు తెలియదే? మీ అమ్మ పూలు ఆయన చూడనివా?”

“పొద్దున నువ్వు స్నానానికెళ్ళినప్పుడు వచ్చి చూశారు. చాలాసేపు నిలబడ్డారు.”

“ఏమన్నారు?”

“‘అచ్చం మీ అమ్మ పూలే, అదే రంగు’ అన్నారు.”