ఎడమ తుంటి

నర్సీపట్నం మెయిన్ రోడ్డులో చిన్న ఫిజియోథెరపీ గది. నాతవరం నుంచి షేర్ ఆటోలో వచ్చిన ఆ తల్లి గోడ పట్టుకుని నిలబడింది. తుంటి నొప్పితో పొలం గట్టు కూడా దాటలేకపోతోంది పాపం.

"పిన్నీ, తుంటి ఎడమ పక్కకి తోసి నిలబడతారేంటి? ఆ చెయ్యి కూడా వంచే ఉంచారు. బరువులు మోస్తారా?" అడిగింది ఫిజియో అమ్మాయి.

"మా మణిని మోసీదాన్నమ్మా. దానికి పుట్టుకతోనే నడక నేదు. బడికైనా సంతకైనా ఈ తుంటి మీదే."

"ఇప్పుడెన్నేళ్లు?"

"పన్నెండు. బరువెక్కిపోనావే అంటే, నువ్వే ముసిల్దానివైపోనావే అమ్మా అని నవ్వీది."

"ఇంక ఎత్తుకోకండి. చక్రాల కుర్చీకి రాయిద్దాం."

"అక్కర్నేదు తల్లీ. దసరా ఎల్లినాక జొరమొచ్చి పోనాది."

అమ్మాయి చేతిలోని పెన్ను పక్కన పెట్టింది.

"నొప్పి ఎప్పుడు మొదలైంది పిన్నీ?"

"అది పోనాకే. మోసినన్నాల్లూ ఏటీ నేదు. తరవాత మూల కూకుండిపోనాను, నెగిసే పనేటుంది?"

"కూర్చునే కొద్దీ బిగుసుకుపోతుంది. కదిలిస్తేనే తగ్గుతుంది. ముందు రెండు కాళ్ల మీదా సమానంగా బరువేసి, నిటారుగా నిలబడండి."

నిలబడింది. క్షణంలో తుంటి మళ్లీ పక్కకి జరిగింది.

"నిటారుగా, పిన్నీ."

"నిటారుగా ఉంటే మణి జారిపోద్దేమో అనిపిస్తాది తల్లీ."

అమ్మాయి దగ్గరకొచ్చి, ఆ తుంటి పక్కన రెండు చేతులూ ఆనించింది.

"నేను పట్టుకుంటాను పిన్నీ. మెల్లిగా నిలబడండి."

తల్లి నిలబడింది. వంచిన ఎడమ చెయ్యి కిందకి దించడానికి మాత్రం చాలాసేపు పట్టింది.