ముప్ఫై సంతకాలు

"ఈ సంతకం ఎవరిదండీ, సెక్రటరీగారూ?"

అపార్ట్‌మెంట్ సంఘం హాల్లో ముప్ఫై కుర్చీలున్నాయి. ఆ ఆదివారం మీటింగుకి వచ్చింది మాత్రం మూడో అంతస్తు టీచరమ్మ ఒక్కరే. హాజరు పుస్తకంలో పోయిన నెల పేజీ మీద ఆవిడ వేలు ఆగింది.

"మీవారిదే కదమ్మా."

"ఆయన పోయి అయిదు నెలలు."

"అయ్యో. మన వాచ్‌మన్ ఏమైనా గీశాడేమో."

"అతనికి సంతకం రాదు, వేలిముద్రే. పాపం అతని మీదకి తోయకండి."

"కనుక్కుంటానమ్మా."

"ఏం కనుక్కుంటారు? ముప్ఫైమంది వచ్చారని రాశారు. ఈ కుర్చీల మీద దుమ్ము చూస్తే ఏడాదిగా ఎవరూ కూర్చున్నట్టు లేదు."

"అన్ని సంతకాలు లేకపోతే సంఘం రద్దవుతుందమ్మా. ఇక ఈ హాలు తెరవరు."

"తెరవకపోతే?"

"ఇంట్లో నేనూ, గోడ గడియారమూ."

ఆవిడ పుస్తకం మూసింది.

"ఆ సంతకం చూసి, ఆయన నాతో చెప్పకుండా మీటింగుకొచ్చి వెళ్లారనుకున్నానండీ. ఒక్క క్షణమే. అందుకే నాకింత కోపం."

"తప్పయిపోయింది. ఎవరికి చెప్పాలనుంటే వాళ్లకి చెప్పండి."

"మీటింగులో మీరే చెప్పాలి. మొదలుపెట్టండి."

ఆవిడ ముందువరస కుర్చీ తుడుచుకుని కూర్చుంది. అతను ప్రతి నెలలాగే ఖాళీ కుర్చీల ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"హాజరు, ఇద్దరు. మొదటి అంశం, దొంగ సంతకాలు. పెట్టింది..."

"కాస్త గట్టిగా. వెనకవాళ్లకి వినపడాలి."

"పెట్టింది సెక్రటరీ. నేనే."