ఐదు వందల ముప్పై ఎనిమిది డాలర్ల నలభై సెంట్లు

ఐదు వేలమ్మా. అలొంజో చేతికి, చేతికి కూడా కాదులే, వాళ్లమ్మ వంటింటి బల్లమీదికి మొదట వచ్చింది సరిగ్గా ఐదు వేల డాలర్లు. అన్నీ ఇరవై నోట్లే, రెండొందల యాభై నోట్లు. నువ్వు ఆ ఫోన్లో చూపిస్తున్నావే, మిల్లు వీధి కుర్రాడు, పద్దెనిమిదేళ్లవాడు, ఏ యూనివర్సిటీకి ఆడతాడో టీవీ కెమెరాల ముందు కూర్చుని వాళ్ల టోపీ పెట్టుకుని చెప్పాడని, వాడికెంతన్నావు? ఏడాదికి ఎనిమిది లక్షలా? ఆఁ, తీసుకోనీ. వాడి మోకాళ్లు, వాడి ఇష్టం. వాడిమీద నాకేం కోపం లేదు రెనీటా. నా కోపమల్లా, అదే యూనివర్సిటీ నుంచి నిన్న నాకు ఉత్తరమొచ్చింది చూడూ, 'మీరు పేర్కొన్న ఆటగాడి గణాంకాలు రద్దయినవి, పునఃపరిశీలించుట వీలుపడదు' అని, దానిమీద. వీలుపడదట! ఎనిమిది లక్షలు ఇవ్వడానికి వీలుపడింది, అలొంజో బంతితో పరిగెత్తిన పన్నెండొందల పద్నాలుగు గజాలు రికార్డు పుస్తకంలో తిరిగి రాయడానికి వీలుపడలేదు. 'ఎవరు తాతా ఈ అలొంజో' అంటావు. అదే, ఈ ఊళ్లో నీ వయసువాళ్లకి ఆ పేరే తెలీకుండా చేశారు. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు రా.

అలొంజో టాలివర్. మా చర్చి సిస్టర్ ఒడెస్సా కొడుకు. ఆవిడ స్కూల్లో వంటమనిషి, భర్త కలప మిల్లులో పోయాడు. వీడు ఫుట్‌బాల్ ఆటలో ఆ కోలబంతి చంకలో పెట్టుకుని పరిగెత్తుతుంటే, నిజం చెబుతున్నా, అవతలి జట్టు కుర్రాళ్లు పట్టుకోడానికి రావడం మానేసి చూస్తూ నిలబడేవాళ్లు. వాడికి ఆటంటే ఇష్టమే గానీ, ఆటే ప్రాణం అనుకునే రకం కాదు. వడ్రంగం అంటే పిచ్చి. మా చర్చిలో ముందు వరస బల్ల ఉంది చూశావా, పాస్టరుగారి భార్య కూర్చునేది, అది వాడు పదహారో ఏట చేసిందే. స్కూల్లో వడ్రంగం నేర్పే మేష్టారు కావాలని వాడి కోరిక. నలభై మైళ్ల అవతల మన నల్లవాళ్ల కాలేజీ ఉందిగా, అక్కడి కోచ్ పెట్టీవే గారు మూడుసార్లు వచ్చి ఒడెస్సా చేతి బెండకాయ కూరా మొక్కజొన్న రొట్టే తిని, 'అమ్మా, ఫీజు, గది, తిండి మావి, చేతి ఖర్చుకి వర్క్‌షాపులో పని కూడా ఇప్పిస్తాను, నాలుగేళ్లకి మేష్టారిని చేసి పంపిస్తాను' అన్నాడు. అలొంజో సరేనన్నాడు. చేతిలో చెయ్యేసి చెప్పాడు. నేనక్కడే ఉన్నాను, నాక్కూడా ఓ రొట్టె పెట్టింది ఆవిడ.

అప్పుడొచ్చాడు హాడక్. ట్రాక్టర్లమ్మే తెల్లాయన, రాయిస్ హాడక్. నాకు ఉత్తరం రాసిన ఆ పెద్ద యూనివర్సిటీలో చదివాడో లేదో దేవుడికే తెలియాలి గానీ, వాళ్ల రంగు చొక్కా తప్ప వేసేవాడు కాదు. శనివారమొస్తే వాడికి భార్యా పిల్లలూ గుర్తుండరు, ఆటే. కాలేజీ ఆటగాళ్లకి డబ్బివ్వడం అప్పట్లో నిషేధం, అందుకే ఇలాంటివాళ్లు ఊరికి నలుగురుండేవాళ్లు, యూనివర్సిటీవాళ్ల చేతికి మట్టి అంటకుండా వీళ్లు పని చేసిపెట్టేవాళ్లు. ఎనభై మూడు జనవరి. ఏ కాలేజీకి ఆడేదీ పిల్లలు సంతకం పెట్టే రోజు ఇంకో పది రోజులుందనగా, ఓ పంది తొడ పొగబెట్టిందీ, దాని కింద గోధుమరంగు కాగితం సంచీలో ఆ ఐదు వేలూ తెచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆవిణ్ణి 'ఏయ్ ఒడెస్సా, నువ్వు' అని పిలిచినవాడు ఆ పొద్దున గుమ్మంలో టోపీ తీసి, 'మిసెస్ టాలివర్ గారూ, మీరు బాగున్నారా అమ్మా' అన్నాడట. ఆవిడే చెప్పింది నాకు, 'తమ్ముడూ ఎజెల్, ఆ 'మీరు' ఎవర్నా అని వెనక్కి తిరిగి చూశానురా' అని. వాడు పైకి చూసి, 'అయ్యో, కప్పు కారుతోందే! ఇది కప్పుకోసం అమ్మా, ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు, మీ అబ్బాయి ఎక్కడ సంతోషంగా ఉంటాడో మీకు తెలుసు కదా' అని వెళ్లిపోయాడు. ఓ కాగితం లేదు, ఓ మాట తీసుకోలేదు. అదీ వాళ్ల తెలివి.

ఆవిడ జీతం వారానికి తొంభై ఆరు డాలర్లు. వంటింట్లో మూడు చోట్ల గిన్నెలు పెట్టి వాన నీళ్లు పట్టేది. చేతిపంపు చెడిపోయి ఏడాదైంది. కొడుకుని కూర్చోబెట్టి, 'నాన్నా, నువ్వు పెట్టీవే గారికి మాటిచ్చావు, ఇది తిప్పి పంపించెయ్యమంటే పంపించేస్తా' అంది. వాడు పైకి చూశాడట, ఆ గిన్నెల వైపు చూశాడట. 'కప్పు వేయించమ్మా' అన్నాడు. అంతే. అదీ వాడు యూనివర్సిటీని ఎంచుకోవడం! పేపర్లో ఏం రాశారో తెలుసా, 'ఆ మైదానంలో అడుగు పెట్టగానే ఇదే నా ఇల్లు అనిపించింది' అన్నాడని రాశారు. వాడలా అనలేదు. వాడు మాట్లాడేవాడే కాదు. పెట్టీవే గారు మాత్రం మళ్లీ వచ్చాడు, కొత్త రేకులు చూశాడు, కాఫీ తాగాడు. వెళ్తూ వెళ్తూ వాడి చేతికి కర్ర నునుపు చేసే చిత్రిక ఒకటిచ్చి, 'ఉంచుకోరా, పదును పోకుండా చూసుకో' అన్నాడు. ఎనభై ఏళ్లు బతికాడాయన. చావుకి నేను వెళ్లాను. వాన, బురద, సరే అదంతా ఇప్పుడెందుకు.

ఎక్కడున్నాను? ఆఁ, ఐదు వేలు. చూడు, ఇంకొకళ్లయితే ఏం చేసేవాళ్లు? నోరు మూసుకుని వాడుకునేవాళ్లు. ఒడెస్సా అక్క అలాంటి మనిషి కాదు. 'దేవుడిచ్చాడో, హాడక్ ఇచ్చాడో, ఎవరిచ్చినా పదోవంతు దేవుడిదే' అనుకుంది. కవరు తీసుకుంది, మామూలుగా రాసినట్టే పైన పేరు రాసింది, లోపల ఐదొందలు పెట్టింది, కానుకల పళ్లెంలో వేసింది. తప్పు చేస్తున్నానన్న భయం ఉన్న మనిషి చేసే పనేనా అది? తర్వాత యూనివర్సిటీవాళ్లు ఆవిణ్ణి మోసగత్తె అన్నారు. మోసగత్తె! దేశం మొత్తం మీద ఆ సంచీ డబ్బులకి లెక్క చెప్పింది ఆవిడొక్కతే. కప్పుకి రెండువేల ఎనిమిదొందల యాభై, పంపుకి ఆరొందల నలభై, కట్టుడు పళ్లకి మూడొందల పది, దేవుడికి ఐదొందలు. మిగిలిన ఏడొందలూ కొడుకు పెట్టెకీ బూట్లకీ దుప్పట్లకీ. ఒక్క సెంటు తనకోసం ఖర్చుపెట్టలేదు, ఆ పళ్లు తప్ప. పళ్లు లేకపోతే ఎలా తింటుంది మరి?

ఇక మా చర్చి పద్ధతి. ఇప్పుడు మీరు ఫోన్లో నొక్కేస్తారు, ఎవరెంత ఇచ్చారో ఎవరికీ తెలీదు. అప్పుడలా కాదు. నెల మొదటి ఆదివారం, పోయిన నెల దశమభాగాలన్నీ పేరు పేరునా, మొత్తంతో సహా, సంఘం ముందు నిలబడి చదవాలి. చదివి, టైపు చేసిన కాగితం గుమ్మం పక్కన గోడకి అంటించాలి. ఆ చదివేవాణ్ణి నేనే. అప్పటికి ముప్పై ఒక్కేళ్లు నాకు, కొత్తగా ఇచ్చారు ఆ పని. సొంత డబ్బుతో లెక్కల మిషను కొన్నాను, నలభై రెండు డాలర్లు, పక్కన పిడి లాగితే కాగితం చుట్ట బయటికొచ్చేది, నేనైతే అది లేకుండానే కూడేవాణ్ణి, ఊరికే చూపించుకోడానికి. అంతకుముందున్న ముసలాయన నెలకి రెండు మూడు డాలర్లు తప్పు పోయేవాడు. నా దగ్గర సెంటు పోయేది కాదు. ఆ మార్చి మొదటి ఆదివారం గొంతు సవరించుకుని చదువుకుంటూ పోతున్నాను. 'బ్రదర్ స్టెప్నీ, పద్దెనిమిది డాలర్లు. సిస్టర్ టాలివర్, ఐదు వందల ముప్పై ఎనిమిది డాలర్ల నలభై సెంట్లు.' విసనకర్రలన్నీ ఆగిపోయాయి. ప్రతి నెలా ఆవిడది ముప్పై ఎనిమిదీ నలభయ్యే, అందరికీ నోటికొచ్చు. వెనకనుంచి స్టెప్నీ ముసలాడు, 'ఓరి ఎజెల్, ఇంకోసారి చదువు, నా చెవి సరిగ్గా లేదు' అన్నాడు. నేను చదివాను. ఇంకోసారి. గట్టిగా! ఆవిడ ముందు వరసలో వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఇచ్చినదానికి సిగ్గెందుకనే కూర్చుంది పాపం. ఆ డబ్బెక్కడిదో నాకు అర్థం కాలేదా అంటావా? అయింది తల్లీ. పేరు పలుకుతుండగానే అయింది. కాగితం మీద ఉన్న అంకె మింగెయ్యడం నాకు చేతకాలేదు.

రెండేళ్లు వాడు ఆడాడు. మొదటి ఏడాది మూడొందల ఎనభై ఎనిమిది గజాలు, రెండో ఏడాది ఎనిమిదొందల ఇరవై ఆరు. మైదానంలో డెబ్భై వేలమంది వాడి పేరు అరిచేవాళ్లు. వడ్రంగం క్లాసు? అక్కడ అలాంటి క్లాసే లేదు. వాడికేదో 'వినోద నిర్వహణ' అని ఓ చదువు అంటగట్టారు. ఎనభై ఐదు వసంతంలో ఆటల సంఘం నుంచి విచారణకి ఒకాయన వచ్చాడు, సన్నటి మనిషి, మర్యాదగా మాట్లాడాడు. ప్లాస్టిక్ కవర్లో నా కాగితం. గోడమీంచి ఎవరు చించిచ్చారో ఈ రోజుకీ తెలీదు. 'ఇది మీరు టైపు చేసిందేనా?' 'అవునండీ, నాదే.' 'ఈవిడ జీతమెంతో తెలుసా?' 'వారానికి తొంభై ఆరండీ.' 'అయితే నెలకి దశమభాగం...' అని ఆయన జేబులో పెన్ను వెతుక్కుంటున్నాడు. ఆయన పెన్ను తీసేలోగా నేను చెప్పేశాను, 'ముప్పై ఎనిమిది డాలర్ల నలభై సెంట్లు' అని. ఎంత గర్వంగా చెప్పానో! ఆయన నవ్వాడు. 'మీకు లెక్కలు బాగా వచ్చునే' అన్నాడు. 'మరి ఈ పైన ఐదొందలు దేంట్లో పదోవంతు?'

దానికి జవాబు ఆయన దగ్గర అప్పటికే ఉంది. నా నోటితో లెక్క చెప్పించుకోవడమే మిగిలింది.

వారం తిరక్కుండా వాణ్ణి జట్టులోంచి తీసేశారు, స్కాలర్‌షిప్పు తీసేశారు, పెట్టె సర్దుకోమన్నారు. హెడ్ కోచ్ టీవీలో కళ్లు తుడుచుకుని 'నాకేమీ తెలియదు, నా గుండె పగిలింది' అన్నాడు. పగిలిన గుండెతోనే తర్వాతి ఏడాది జీతం పెంచుకున్నాడు. హాడక్‌ని ఐదేళ్లు మైదానంలోకి రావద్దన్నారు, ఆరో ఏడు వచ్చాడు, ఇప్పుడు ప్రాక్టీసు మైదానానికి వాడి పేరే. సిగ్గుండాలి! ఇచ్చినవాడి పేరు రాతిమీద, తీసుకున్నవాడి పేరు చెరిపేశారు. గజాలు కూడా. పరిగెత్తినవాడి గజాలు ఎలా రద్దవుతాయి చెప్పు? ఆ గడ్డి మీద వాడు పడి లేవలేదా? ఎడం భుజం రెండుసార్లు జారలేదా?

పెట్టీవే గారి కాలేజీకి పోరా అంటే, 'మాట తప్పిన మొహం ఎలా చూపించను అన్నా' అన్నాడు. కలప లారీ తోలాడు ఇరవై రెండేళ్లు. నలభై రెండో ఏట, ఊరవతల లారీల తూకం దగ్గర, స్టీరింగు మీద తల పెట్టుకుని పోయాడు, గుండె. కానీ ప్రతి ఆదివారం చర్చికొచ్చేవాడు. నన్ను ఒక్కమాట అన్లేదు. అనుంటే బాగుండేది. ఒక్కసారి మాత్రం, తిరిగొచ్చిన కొత్తలో, రెండు డాలర్లు కవర్లో పెట్టి నా చేతికే ఇచ్చి, 'గట్టిగా చదువు ఎజెలన్నా, ఇది ఎక్కణ్ణుంచొచ్చిందో నేనే చెప్తాను' అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. నేను ఆ నెల చదవలేదు. గొంతు బాలేదని చెప్పాను. ఆ తర్వాత ఎప్పుడూ చదవలేదు.

అందుకే కూర్చుని వాడి గజాలన్నీ లెక్కేశాను. లైబ్రరీవాళ్లు పారేస్తున్న పాత పేపర్లు అట్టపెట్టెలో తెచ్చుకుని, తిరగేసి, ఆటకి ఆట, పరుగుకి పరుగు. పన్నెండొందల పద్నాలుగు. మూడుసార్లు కూడాను, మూడుసార్లూ అంతే. ఇప్పుడు ఆ యూనివర్సిటీయే పిల్లలకి బహిరంగంగా, చెక్కు రాసి, ఫొటో తీసి మరీ ఇస్తోంది. నిన్నటిదాకా పాపం, ఇవాళ పండగ! అయితే నిన్నటివాడిది వాడికి ఇవ్వండయ్యా అంటే వీలుపడదట. పోస్టులో పంపితే వీలుపడదు మరి. మనిషి ఎదురుగా నిలబడి, 'ఆ కాగితం చదివింది నేనే, ఆయనకి లెక్క చేసిపెట్టింది నేనే, ఇప్పుడు ఈ లెక్క కూడా వినండి' అంటే ఏమంటారో...

ఊఁ.

ఏం లేదు. ఏం లేదమ్మా, కంట్లో దుమ్ము.

టైమెంత? ఎనిమిదిన్నరా? తొంభై మూడు మైళ్లు. మధ్యలో ఆగకపోతే పదిన్నరకల్లా ఆ యూనివర్సిటీ ఆఫీసు గుమ్మంలో ఉంటాం. ఆ అట్టపెట్టె జాగ్రత్తగా పట్టుకో, పేపర్లు విరిగిపోతున్నాయి. నువ్వు తోలతావా, నన్ను తోలమంటావా?